సిస్టర్ సుగుణకు దొరకని వీసా

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది. సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఒక డెయిరీ ఫారంలో పీఆర్వోగా చేస్తున్నాను. పేరు గొప్పగా ఉన్నా పని ఆఫీసుల చుట్టూ తిరగడమే. కార్మికుల ఇకామాలు, అంటే నివాస అనుమతులు, రెన్యూ చేయించడం, ఊరికి పోయేవాళ్లకు ఎగ్జిట్ వీసాలు తీయడం.

మా ఎలక్ట్రీషియన్ ఏసుదాసుది అమలాపురం దగ్గర. ఆయన భార్య సుగుణ ఇక్కడే టౌన్లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సు, ఇరవై ఏళ్లకు పైగా. ఫారంలో ఎవరికి జ్వరం వచ్చినా ఆమె దగ్గరికే వెళ్లేవాళ్లం. నేను నిజామాబాద్ వాణ్ని. ఆమెను అక్కా అనేవాణ్ని.

ఒకరోజు క్లినిక్‌కు తనిఖీ వాళ్లు వచ్చి సుగుణను తీసుకెళ్లారని ఏసుదాసు ఫోన్ చేశాడు. ఏదో పొరపాటు అనుకుని పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటర్‌లో ఆమె పేరు మీద హురూబ్ ఉంది. పని వదిలి పారిపోయిందని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పెట్టే ఫిర్యాదు అది. క్లినిక్ చేతులు మారినప్పుడు పాత యజమాని ఆమె ఇకామాను బదిలీ చేయకుండా, ఆ ఫిర్యాదు పెట్టేసి వెళ్లిపోయాడు. ఆమెకు ఆ సంగతే తెలియదు. రోజూ యూనిఫాం వేసుకుని అదే గదిలో బీపీ చూస్తూ ఉంది. రికార్డులో మాత్రం పారిపోయిన మనిషి.

ఫిర్యాదు రద్దుకు నేను కాగితాలు సిద్ధం చేసేలోపే డిపోర్టేషన్ సెంటర్లో వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కించేశారు. ఇరవై ఏళ్ల సంసారంలోంచి ఒక్క హ్యాండ్‌బ్యాగుతో వెళ్లింది.

ఆ నెలలోనే ఏసుదాసుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది.

"తమ్ముడూ, ఏ వీసా అయినా పర్లేదు. నన్ను ఆయన దగ్గరికి చేర్చు" అంది సుగుణక్క ఫోన్లో.

పాస్‌పోర్టు ఆఫీసులో నాకు తెలిసిన సౌదీ అధికారి ఒకాయన ఉన్నాడు. ఆయన వివరాలు చూసి తల అడ్డంగా ఊపాడు. డిపోర్టు చేసిన మనిషికి ఇక పని వీసా రాదు, విజిట్ వీసా రాదు. మక్కా యాత్రకు, హజ్‌కో ఉమ్రాకో అయితే రానిస్తారు అన్నాడు. ఒక దారి దొరికిందని సంబరంగా ఫోన్ తీశాను. తీశాక గుర్తొచ్చింది, ఆమె క్రిస్టియన్ అని. ఉన్న సంగతే చెప్పాను. "అంటే నాకు దారి లేదన్నమాట" అంది నెమ్మదిగా.

కొన్నాళ్లకు, పేరు మార్చి కొత్త పాస్‌పోర్టు ఇప్పిస్తానని కాకినాడలో ఒక ఏజెంటు చెబుతున్నాడంది.

"అక్కా, పాస్‌పోర్టు మారుతది గని వేళ్లు మారయి గద. ఎయిర్‌పోర్టులనే పట్టుకుంటరు. అన్న ఆస్పత్రిల, నువ్వు జైల్ల. వద్దు."

ఆమె గొంతు మారింది. నర్సు గొంతు అది. "అయితే ఆయన్నే పంపించు. స్ట్రెచర్ మీదైనా సరే. విమానం ఎక్కొచ్చో లేదో ముందు డాక్టర్ని అడుగు."

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. విమానంలో కొన్ని సీట్ల మీద స్ట్రెచర్ బిగిస్తారు, వెంట నర్సు ఉండాలి. కంపెనీ ఒప్పుకుంది. తోడుగా నన్నూ పంపింది.

హైదరాబాద్‌లో అంబులెన్స్ దగ్గర సుగుణక్క నిలబడి ఉంది. ఏడవలేదు. ముందు నాడి పట్టుకుని చూసింది. ఆఖరి మందు ఎప్పుడు వేశారో వెంట వచ్చిన నర్సుని అడిగింది. ఏసుదాసు ఎడమ చెయ్యి మెల్లగా కదిలి ఆమె చీర కొంగు పట్టుకుంది. అప్పుడు ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని స్ట్రెచర్ పక్కనే కూర్చుండిపోయింది.

ఎన్నేళ్లున్నావని ఆ కంప్యూటర్ అడగదు, ఈరోజు నీ స్టేటస్ ఏమిటనే అడుగుతుంది. అందుకే కొత్తగా ఎవరొచ్చినా, తన ఇకామా స్థితి ఫోన్లో తానే చూసుకోవడం మొదటిరోజే నేర్పిస్తున్నాను.

ఏసుదాసు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఫిర్యాదు రద్దు చేయాలన్న మా అర్జీ ఇంకా తేలలేదు. దాని గురించి సుగుణక్క ఇప్పటికీ అడుగుతుంది. తిరిగి వస్తావా అక్కా అన్నాను ఒకసారి.

"రాను తమ్ముడూ. కానీ నేను పారిపోలేదు కదా. ఆ మాట తీసెయ్యమను."