ఆనప పాదు, ఎర్ర ఉన్ని ముడి

ఇమాం సాహెబ్ వేళ్ళు ఊరికే ఉండగా ఏలూరులో ఎవరూ చూడలేదు. టీ కొట్టు బల్ల మీద కూర్చున్నా, మసీదు మెట్ల మీద కూర్చున్నా, చొక్కా అంచులోంచి ఒక పోగు లాగి దానికి ముడి వేసేవాడు, విప్పేవాడు, మళ్ళీ వేసేవాడు. అందుకే ఆయన చొక్కాలన్నీ అంచులు చీకిపోయి ఉండేవి. కుట్టి కుట్టి విసిగిపోయిన భార్య సకీనా, "మీకు చొక్కాలు దండగండీ. ఈసారి గోనెసంచి కుట్టిస్తాను" అనేది.

తప్పు ఆయనది కాదు, వేళ్ళది. మీసాలు రాకముందే తివాచీ మగ్గం ముందు కూర్చున్న మనిషి. యాభై ఏళ్ళపాటు ఉన్ని పోగులకి ముడులు వేసి ఎర్ర పూలు, నీలం ఆకులు పూయించాడు. ఆ పూలన్నీ ఎక్కడెక్కడి పెద్దల కాళ్ళ కిందకో వెళ్ళిపోయాయి. ఇంట్లో పరుచుకోవడానికి మాత్రం తాటాకు చాపే. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేసిన తివాచీని వెనక్కి తిప్పి తడిమి, ఏ ముడి ఎవరు వేశారో చెప్పేసేవాడు. మూడో క్లాసుతో బడి మానేసిన ఆయనకి బాగా వచ్చిన చదువు అదొక్కటే. దాని గురించి చెప్పుకోవడం ఇంకా బాగా వచ్చు.

చూపు మందగించాక కొడుకు ఆయన్ని మగ్గం మాన్పించాడు. హాయిగా విశ్రాంతి తీసుకోమన్నాడు. ఇమాం సాహెబ్ ఆ విశ్రాంతిలో మంచం నవారంతా విప్పి మళ్ళీ అల్లాడు. ఆ తరవాత కొడుకు మంచం నవారు పట్టాడు. అదీ అయ్యాక ఇంట్లో విప్పడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు ఆయన కన్ను పెరటి మీద పడింది.

పెరడంటే పెద్దదేం కాదు. మధ్యలో సకీనా బట్టలారేసుకునే దండెం. ఆవిడ బజారుకి వెళ్ళి వచ్చేలోగా దండెం మాయమైపోయి, దాని గుంజలకి ఇంకో రెండు తోడై పందిరి లేచింది. పందిరి కింద ఆనప విత్తనాలు పెట్టాడు. తాడు కొనకుండా, మగ్గం దగ్గర మిగిలిన ఉన్ని పోగులు పేని వెదుళ్ళకి కట్టాడు. ఎర్రవి, పచ్చవి, నీలాలు. తొలి వానకే రంగులు దిగి గుంజలన్నీ చారలు తేలాయి.

"పెళ్ళిపందిరి బాగుంది. పెళ్ళికొడుకు మాత్రం ముసలోడు" అంది సకీనా. తడిబట్టల గంప నడుం మీద పెట్టుకుని పక్కింటి సుబ్బాయమ్మ గారి డాబా ఎక్కడం మొదలైంది ఆ రోజే.

పాదు చక్కగా పాకింది. రెండు వేల అయిదులో రంజాన్ నెల అక్టోబరులో వచ్చింది. నెల పొడుపు కనపడే వేళకి పందిరి మీద తెల్లటి పూలు. చిన్న చిన్న పిందెలు కూడా దిగాయి. దిగినవి దిగినట్టే పసుపు రంగు తిరిగి రాలిపోయాయి.

"యాభై ఏళ్ళు పూలు నేశారు. ఒక్కటీ కాయ కాయలేదు. ఇక్కడా అదే వరస" అంది సకీనా.

ఆ మాట ఇమాం సాహెబ్‌కి ఎక్కడో గుచ్చుకుంది. "పండగనాడు మనింట్లో కద్దూ ఖీర్ ఈ పాదు కాయతోనే చేస్తావు. కాయకపోతే నా చేత్తో పందిరి పీకేసి నీ దండెం నీకు కడతాను" అన్నాడు. మనవరాలు ఇక్రా అక్కడే ఉంది. "దాదా మాటిచ్చాడు" అని వీధంతా చెప్పొచ్చింది. ఇంక వెనక్కి తీసుకోవడానికి లేకుండా పోయింది.

ఆయనకి ఒక ఉపాయం తెలుసు. భీమడోలులో ఒకాయన మగ పువ్వు తుంచి పిందె ఉన్న పువ్వుకి రాయడం చూశాడు. అలా రాస్తే పిందె నిలుస్తుందట. తెల్లవారకముందే సహరీ తిని, నమాజు చేసి, ఒక కునుకు తీసి లేచాక తీరిగ్గా వెళ్ళి పువ్వుకి పువ్వు రాసేవాడు. అవీ రాలిపోయాయి.

సుబ్బాయమ్మ గారిది ఉండి దగ్గర పల్లె. పట్నం కాపరానికి వచ్చి ఎన్నేళ్ళయినా ఆవిడ చూపు ఇంకా పొలం గట్టు మీదే ఉంటుంది. ఒకరోజు గోడ మీంచి చూసింది.

"ఏవండీ సాయిబు గారూ, రోజూ ఆ పూలతో ఏం చేస్తున్నారండీ?"

"పిందె నిలవడానికండీ. భీమడోలులో చూసొచ్చాను."

"అక్కడాయన చేసింది ఏ పాదుకండీ?"

"గుమ్మడికి. ఏదైతే ఏంటండీ, పువ్వు పువ్వే కదా."

"భలేవారండీ. గుమ్మడి పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది. ఆనప పువ్వు దీపాలు పెట్టే వేళకి గానీ కళ్ళు తెరవదు. మీరు రాసేది వాడిపోయిన పువ్వుకి. పెళ్ళివారు వెళ్ళిపోయాక సన్నాయి ఊదినట్టుందండీ మీ పని. సాయంత్రం పురుగు వచ్చి వాలాలి. రాకపోతే మీరే పురుగవ్వాలి."

"అయితే ఇదిగో, ఈ పిందె..."

"ఆ వేలు దించండి ముందు. పిందెని వేలెత్తి చూపిస్తే రాలిపోతుంది. మడిచి చూపించండి."

వంటింట్లోంచి సకీనా గొంతు వినపడింది. "విన్నారా, పురుగు గారూ?" ఆ నెలంతా ఇంట్లో ఆయన పేరు అదే.

చిక్కేమిటంటే, దీపాలు పెట్టే వేళంటే ఉపవాసం విడిచే వేళ. ఆ వేళకి ఇమాం సాహెబ్ మసీదులో రెండో స్తంభం దగ్గర, పాత మగ్గం నేస్తాల మధ్య ఉంటాడు. ఊరు మునిగినా ఆ చోటు వదలడు. అందుకే పాపం, తన పాదు పువ్వు విచ్చుకోవడం తనే ఒక్కసారీ చూడలేదు.

మర్నాడు రెండో స్తంభం దగ్గర ఆయన లేడు. పందిరి కింద పీట వేసుకుని, ఒక చేతిలో ఖర్జూరం, ఇంకో చేతిలో మగ పువ్వు పట్టుకుని కూర్చున్నాడు. అజాన్ వినపడగానే ఖర్జూరం నోట్లోకి, పువ్వు పువ్వు మీదకి. ఆ తొందరలో ఏది ఎటు పోయిందోనని ఇక్రాకి అనుమానం. రాసిన ప్రతి పిందె తొడిమకీ గుర్తుగా ఎర్ర ఉన్ని పోగు కట్టాడు. తివాచీ ముడి.

వాన పడింది. కట్టినవాటిలో కొన్ని రాలాయి. పండగ దగ్గరికొస్తోంది. ఈలోగా తాడేపల్లిగూడెంలో మేనకోడలు సుమయ్య ఇఫ్తార్‌కి పిలిచింది. వెళ్ళకపోతే ఏడాదంతా దెప్పుతుంది. మధ్యాహ్నం రైలుకి బయల్దేరుతూ, పందిరి మీద బాగా ఎత్తున ఉన్న ఒక మొగ్గని వేలు మడిచి సకీనాకి చూపించాడు.

"ఈ సాయంత్రం విచ్చుకునేది ఇదే. పిందె బలంగా ఉంది. నేను లేకపోతిని."

"పోతే పోనివ్వండి. నా దండెం నాకొస్తుంది" అంది సకీనా, తలెత్తకుండా పకోడీలకి ఉల్లిపాయలు తరుగుతూ.

ఆయన వచ్చాక కూడా రోజుకొక పిందె పసుపు తిరిగింది. ఎర్ర పోగులు మాత్రం పందిరికి వేలాడుతూ మిగిలాయి. చివరికి ఆకుల చాటున, ఎత్తున, ఒక్కటే లావెక్కింది. మసక చూపుకి కూడా దాని తొడిమ దగ్గర ఎరుపు కనపడింది. "నేను కట్టిందే" అన్నాడు గొప్పగా. రోజూ ఇంట్లో అందరినీ పిలిచి మడిచిన వేలితో చూపించేవాడు. సకీనా కూడా వచ్చి, "అవును, మీరు కట్టిందే" అని వెళ్ళిపోయేది.

పండగ నెలవంక కనపడిన సాయంత్రం, ఇక్రా స్టూలు పట్టుకుంటే ఎక్కి, ఉన్ని కోసే పాత కత్తితో తొడిమ కోయబోయాడు. అలవాటు కొద్దీ వేళ్ళు ముందు ముడిని తడిమాయి. అక్కడే ఆగిపోయాయి.

అది తివాచీ ముడి కాదు. రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపి, బిగించిన ముడి. ఆవకాయ జాడీ మూతికి గుడ్డ కట్టే ముడి. ఆ ఇంట్లో అలా కట్టేది ఒక్కరే.

"ఏంటి దాదా, కోయవా?" అంది ఇక్రా.

"కోస్తున్నా."

కాయ తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టాడు. మోకాళ్ళ నొప్పులని మెట్లు ఎక్కడానికే సణిగే మనిషి, అంత ఎత్తుకి స్టూలెక్కి ఎలా కట్టిందో ఆయనకి అంతుపట్టలేదు.

"సకీనా, ఈ జాడీ ముడి బాగా నిలిచిందే."

"ఏ జాడీ అండీ?" అంది ఆవిడ, కొబ్బరి చిప్ప చూస్తూ. "కాస్త వెలుతురుకి అడ్డం జరగండి, పురుగు గారూ."

పండగనాడు కద్దూ ఖీర్ రెండు గిన్నెలు గోడ మీంచి సుబ్బాయమ్మ గారికి వెళ్ళాయి. మసీదు నేస్తాలు ఇంటికొచ్చి తాగారు. "ఇమాం సాహెబ్ పూలకి ఇన్నాళ్ళకి కాయ కాసింది" అన్నారు. ఆయన ఎదురు చెప్పలేదు. అంత నమ్రత ఆయనలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

మాట ప్రకారం పందిరి నిలిచింది. దండెం సంగతి ఇంక ఎత్తడానికి సకీనాకి హక్కు లేదు, ఎత్తనూ లేదు. అయినా పండగ మూడో రోజు ఆవిడ తడిబట్టల గంపతో వచ్చేసరికి, పందిరి గుంజ నుంచి గోడ మేకు దాకా కొత్త నులక తాడు సాగదీసి కట్టి ఉంది. ముసలాయన పీట మీద కూర్చుని, చొక్కా అంచులోంచి పోగు లాగుతూ ఎటో చూస్తున్నాడు.

సకీనా తాడు లాగి చూసింది. గట్టిగానే ఉంది. గుంజ దగ్గరికి వెళ్ళి ముడి చూసింది. రెండు చుట్లు, కొస లోపలికి.

"మొదటిసారికి ఫరవాలేదు" అని, చీకిపోయిన చొక్కాలు వరసగా ఆరేసింది.