చివరి పోగు చిన్నది

తడిపిన అడ్డాకు వాసన తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి ఎంత చెప్పినా అందదు. ఇవాళ పాడేరులో మా మీటింగు జరుగుతుండగా కిటికీ బయట భోజనాలకి అడ్డాకు విస్తళ్లు తడుపుతున్నారు. పచ్చిగా, కాస్త వగరుగా ఆ వాసన హాల్లోకి వచ్చేసింది. గోడమీది తెరపై రంగురంగుల పై చార్టు ఉంది. పిల్లలకిచ్చే పోషకాహారం ఏ ప్రాంతానికి ఎంత వెళుతోందో ఆ గుండ్రటి బొమ్మలో చూపించారు. అందరూ దాన్నే చూస్తున్నారు, ఎవరూ నోరు విప్పడం లేదు. పై చార్టు చూస్తే వేరేవాళ్లకి లెక్కలు గుర్తొస్తాయేమో గానీ, నాకు కరుణమ్మ టీచరుగారి మంకీ టోపీ గుర్తొస్తుంది.

ఆవిడది పార్వతీపురం దగ్గర పల్లె. మిషనరీ బడిలో ఇంగ్లీషు చెప్పడానికి అరకు వచ్చి, రిటైరయ్యాక కూడా, మంకీ టోపీ తీయకుండా అక్కడి చలిని తిట్టుకుంటూ అక్కడే ఉండిపోయారు. చర్చి వెనక రెండు గదుల ఇల్లు, వాకిట్లో ఎండబోసిన కాఫీ గింజలు. నేను ఆవిడ గుమ్మం ఎక్కేసరికి ఇంగ్లీషు పరీక్ష ఒకసారి తప్పి ఉన్నాను. విదేశంలో పోషకాహారం మీద పెద్ద చదువు చదవాలని నా ఆశ. ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటుంది, కానీ ఆ పరీక్ష గట్టెక్కాలి. వయసు పరిమితి దగ్గరపడింది, ఈసారీ తప్పితే ఇక ఆ దారి మూసుకుపోయినట్టే. చదవడం, వినడం, మాట్లాడడం బాగానే వచ్చాయి. రాతలో మొదటి ప్రశ్న ఒక బొమ్మ ఇచ్చి, అందులో ఏముందో రాయమంటుంది. నా బండి అక్కడే దిగబడింది.

ఒక ఊరివాళ్లు నీళ్లు దేనికెంత వాడతారో చూపించే పై చార్టు మీద నేను రాసిన జవాబుని ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చదివారు.

“ఏటే గుంటా ఇది? రేషను డిపో గోడకి అంటించిన కాగితంలాగుంది. తానానికింత, వంటకింత, మొక్కలకింత. అన్నీ సదివినావు, ఏది పెద్దదో ఒక్క ముక్క సెప్పనేదేటి?”

“అంకెలేసేను కదా టీచరుగారూ. సూసినోలకి తెలిసిపోద్ది.”

“సూసినోడికి నువ్వెందుకు? సూడనోడికి సెప్పాల. నీ రాత సదివినోడు కళ్లు మూసుకునే ఆ బొమ్మ గీసీగలగాల.”

ఆ మాట పట్టుకుని రోజూ సాధన చేయించారు. సగం, పావు, సగం కన్నా కాస్త ఎక్కువ, దీనికి రెట్టింపు అని చెప్పే ఇంగ్లీషు మాటలన్నీ నోటికొచ్చాయి. తీరా రాయబోతే ‘అన్నిటికన్నా పెద్దది’ అనే చోట నా పెన్ను మొండికేసేది. మళ్లీ అంకెల వరసలోకి జారుకునేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని ఆవిడ విసుక్కునేవారు. ఎందుకలా అవుతోందో నాకూ తెలియదు, ఇంటికెళ్లి ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

ఆ మధ్య మా ఊళ్లో కొత్తల పండగ వచ్చింది. కొత్త పంటని తొలిసారి వండుకుని తినే పండగ. నాన్న పిలిస్తే టీచరుగారు జీపులో వచ్చి, చివరి ఎక్కుడంతా తన మోకాళ్లని తిడుతూ నడిచారు. మేకని కోశారు. నేలమీద అడ్డాకులు పరిచి, ఇంటికో పోగు చొప్పున నాన్న మాంసం వాటాలు వేస్తున్నాడు. ఆవిడ నా భుజం పట్టుకుని ముందుకి వంగి, పాఠం చెప్పే గొంతుతో అనేశారు.

“ఆ సివరి పోగు సూడే, అన్నిటికన్నా సిన్నది కాదూ?”

గోలగోలగా ఉన్న జనం చప్పబడిపోయారు. నాన్న పోగులన్నీ ఎత్తి మళ్లీ ఒకచోట కలిపేసి, మొదటినుంచీ వేయడం మొదలుపెట్టాడు. మా ఊరి కట్టు అది. పోగుల దగ్గర పెద్దదనీ చిన్నదనీ ఎవరూ అనకూడదు. ఎవరైనా అన్నారంటే మొత్తం కలిపి మళ్లీ పంచాల్సిందే. అందుకే మాకు మాటలు రాగానే నేర్పేది అక్కడ నోరు మూసుకోవడం. అమ్మ గిచ్చిన గిచ్చుళ్లు నా తొడకి ఇంకా గుర్తే. భోజనం ఆలస్యమైందని పిల్లలందరూ టీచరుగారిని కొరకొరా చూశారు.

“తప్పయిపోనాదేటే?” అన్నారావిడ చిన్న గొంతుతో. ఆవిడ గొంతు అలా తగ్గడం నేనెప్పుడూ వినలేదు. ఈసారి చివరి పోగు కాస్త పెరిగింది. ఒంటరిగా ఉండే ముసలమ్మ ఒకావిడ దాన్ని ఆకుతో సహా కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. టీచరుగారు ఆమె వెళ్లినంత దూరమూ చూశారు.

తిన్నాక నన్ను అరుగుమీద కూర్చోబెట్టుకున్నారు. “నీ పెన్ను ఎక్కడాగిపోతందో ఇప్పుడు తెలిసినాది” అంటూ ఒక విస్తరి తెప్పించి, అందులో బియ్యం, మేం చోళ్లనే రాగులు, కందులు, ఇంకా ఏవో గింజలు పక్కపక్కన పోశారు.

“దూరంనుంచి సూడు. ముందేటి కనపడతంది?”

“బియ్యం.”

“ఎంత?”

“సగం కన్నా కాసింత ఎక్కువ.”

“మరదే ముందు రాయి. తరవాత దాని పక్కది. సిల్లర గింజలు ఒకటొకటీ ఏరకు, కలిపి సెప్పు.”

ఇంకో విస్తరి పక్కన పెట్టి, మా నానమ్మ కాలంలో ఎలా తినేవాళ్లో అలా నింపమన్నారు. నేను సామలూ చోళ్లూ నిండా పోసి, బియ్యం చిటికెడు వేశాను. రెండు విస్తళ్లు చూస్తుంటే మాటలు వాటంతటవే వచ్చాయి. అయినా మనసులో ముల్లు మనసులోనే ఉంది.

“పెద్దదీ సిన్నదీ అనడం తప్పు కాదా టీచరుగారూ?”

“మీ నాన్న సమానంగా ఎయ్యాలనే సూత్తాడు గనక ఊరుకోడం మరేద. సమానం కాని సోట ఊరుకుంటే మరేదేటే? నానన్నాకే కదా ఆ ముసలమ్మ పోగు పెరిగినాది.”

విశాఖపట్నంలో పరీక్ష రోజు కంప్యూటరు తెరమీద పై చార్టే వచ్చింది. నాకు విస్తరే కనిపించింది. పెద్దది ముందు రాశాను. గట్టెక్కినట్టు ఫలితం వచ్చాక ఫోన్ చేస్తే ఆవిడ మార్కులు అడగలేదు.

“పెద్దది ముందు రాసినావా?”

“రాసేను టీచరుగారూ.”

“అయితే బేగి రా, కాఫీ పెడతాను.”

నేను విదేశంలో చదువుకుంటుండగానే ఆవిడ పోయారు. కడసారి చూడలేకపోయిన బాధ ఇప్పటికీ తీరలేదు. చదువు అయ్యాక ఈ కొండలకే తిరిగి వచ్చి, పిల్లల తిండి చూసుకునే ఈ ఉద్యోగంలో చేరాను.

ఇవాళ తెరమీది బొమ్మలో అన్నిటికన్నా సన్నటి ముక్క, రోడ్డు లేని కొండమీది ఊళ్లది. “ఎవరైనా ఏమైనా చెప్పాలా?” అని ఆఫీసరుగారు అడిగారు. వెనక వరసలో మా వైపు అంగన్‌వాడీ అక్కలు తలలు దించుకున్నారు. ఆ దించుకోవడం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. నేను లేచి నిలబడ్డాను.

“సగం కన్నా ఎక్కువ రోడ్డు పక్క ఊళ్లకే వెళుతోంది సార్. అన్నిటికన్నా చిన్నది కొండమీది ఊళ్లది.”

హాలు చప్పబడిపోయింది, అచ్చం ఆ పండగరోజులాగే. ఆఫీసరుగారు తెరమీది ఆ సన్నటి ముక్కని చూశారు. తర్వాత ముందున్న కాగితాలు పక్కకి నెట్టి, “అయితే మొత్తం కలిపి మళ్లీ పంచుదాం” అన్నారు.