అడవి హాల్టులో ఎర్ర పలక

దెయ్యాలూ దర్శనాలూ నమ్మే మనిషిని కాను. వాటి గురించి ఆలోచించే తీరిక కూడా నాకెప్పుడూ దొరకలేదు. ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేశాను. ఊరికి దూరంగా విసిరేసినట్టుండే స్టేషన్లలో ఒంటరిగా డ్యూటీలు చేశాను. పట్టాల మీద పడి చనిపోయినవాళ్ల పక్కన, పోలీసులు వచ్చేదాకా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్కసారి కూడా ఏమీ కనబడలేదు, ఏమీ వినబడలేదు. మా చర్చిలో ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేచి నాకొక దర్శనం కలిగింది అనగానే నేను గోడ గడియారం వైపు చూసేవాణ్ణి. ఆ విషయంలో మా ఆవిడకి నా మీద ఇప్పటికీ కోపమే.

అందుకే ఇది రాయడానికి చాలా తటపటాయించాను. ప్రమాదం జరిగినప్పుడు పైవాళ్లకి రిపోర్టు రాసేవాళ్లం. అభిప్రాయాలు వద్దు, జరిగింది మాత్రమే రాయాలి. ఇదీ అలాగే రాస్తున్నాను.

రిటైరయ్యాక చాట్రాయి దగ్గర మాకున్న మామిడి తోట చూసుకుంటున్నాను. మా ఒక్కగానొక్క అమ్మాయి రూతు నర్సు. విజయవాడలో ఉద్యోగం చేస్తూనే జర్మన్ నేర్చుకుంది, జర్మనీ ఆసుపత్రుల్లో మనవాళ్లని తీసుకుంటున్నారని. పరీక్షలు బాగానే పాసయింది. కానీ ఇంటర్వ్యూకి కంప్యూటర్ ముందు కూర్చుని, ఎదురుగా ఆ తెల్లవాళ్ల మొహం కనబడేసరికి దాని నోరు పడిపోయేది. అలా రెండు ఆసుపత్రులు పోయాయి. ఆ రెండోసారి తరవాత అది గది తలుపు వేసుకుని అన్నం కూడా తినలేదు. ఈ వేసవిలో మూడోది వచ్చింది. ఇది కూడా పోతే ఇక జర్మన్ పుస్తకాలు తీసేస్తానని వాళ్లమ్మతో చెప్పింది. అది మాటంటే మాటే, అందులో నా పోలిక.

ఇంటర్వ్యూలో మనకి నచ్చిన విషయం మీద కాసేపు మాట్లాడమంటారట. అందరూ మా కుటుంబం, మా పండగలు అని చెబుతారు. వినేవాళ్లకి విసుగు రాదా? వాళ్ల ఊరి గురించే చెప్పమన్నాను. ఆ ఆసుపత్రి ఉన్నది పల్లెటూళ్ల మధ్య చిన్న పట్నం. రూతు ఫోన్లో వెతికితే ఆ పట్నానికి ఒకప్పుడు ఉండి తరవాత తీసేసిన రైలు లైను చరిత్ర దొరికింది. దాని అదృష్టమో నా అదృష్టమో తెలియదు గానీ, రైలు అనగానే నేను పూర్తిగా అందులో దిగిపోయాను.

నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. ఫోనే ఆ పేజీని ఇంగ్లీషులోకి మార్చి పెడితే చదువుకున్నాను. చక్కెర దుంపలు, కలప, పాలక్యాన్లు మోయడానికి రైతులంతా కలిసి పట్టుబట్టి వేయించుకున్న లైను. ఒకే పట్టా. బండి ఎంత నెమ్మదంటే ఎక్కువమంది ప్రయాణికులుంటే గట్టు ఎక్కడానికి ఆయాసపడేదట. ఒక ఊరివాళ్లు స్థలం ఇవ్వకపోతే ఆ ఊరి పేరుతోనే స్టేషను ఎక్కడో దూరంగా పొలాల్లో కట్టారు. అది చదివి నాకు నవ్వొచ్చింది. మనకీ నూజివీడు అని స్టేషను ఉంది, అది నూజివీడులో లేదు, బాపులపాడు పక్కన జంక్షన్‌లో ఉంది. తరవాత బస్సులొచ్చాయి, లారీలొచ్చాయి. ముందు ప్రయాణికుల బళ్లు ఆపేశారు, తరవాత సరుకు బళ్లు ఆపేశారు, చివరికి పట్టాలు పీకేసి సైకిళ్లు తొక్కుకునే దారి చేశారు. ఎవరి లైనైనా సరే, పట్టాలు పీకేశారంటే నాకు సొంత ఇల్లు కూల్చినట్టుంటుంది.

ఆ లైను మధ్యలో, అడవిలో ఒక హాల్టు, అంటే స్టేషన్ మాస్టరు లేని చిన్న స్టాపు, ఉండేది. దాని గురించి పేజీలో ఉన్నది రెండే వాక్యాలు. అడవిలో ఒక హాల్టు, గేటు ఉండేవి, ప్రయాణికుల బళ్లు ఆగిపోయేదాకా వాటిని ఒక స్త్రీ చూసుకునేది. అంతే.

అది కాయ కోతల సమయం. మధ్యాహ్నాలు తోటలోనే ఉండేవాళ్లం. కూలీలు చిక్కాలతో కోసిన కాయలు తెచ్చి నీడలో పోస్తే, నేను తొడిమలు తుంచి సొన కారిపోయేలా బోర్లా పేర్చేవాణ్ణి. ఆ పని తొందరపడితే చెడిపోతుంది. సొన అంటిన కాయ మాగాక నల్లమచ్చ పడుతుంది. రూతు నులకమంచం మీద కూర్చుని గట్టిగా చదువుకునేది. ప్రతిసారీ ఆ హాల్టు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది.

"ఇక్కడ బండి ఆగిపోతోంది డాడీ. రెండు లైన్లే ఉంది. ఇంకేం చెప్పాలి?"

"రెండు లైన్లేంటమ్మా, ఆవిడ గురించి చెప్పు" అన్నాను కాయల మీంచి తల ఎత్తకుండా. "మొగుడు పోయాక గేటు పని ఆవిడకిచ్చారు. తర్వాత ఆవిడకి చూపు మందగించింది. పైకి తెలిస్తే ఉద్యోగం పోద్ది, ఉంటున్న క్వార్టరూ పోద్ది. అందుకని బండొచ్చే టైముకి కూతుర్ని బోర్లించిన పాలక్యాను మీద నిలబెట్టేది. చివరి పెట్టె దాటగానే ఆ పిల్ల, ఎర్రది వచ్చిందమ్మా అనేది. అప్పుడు ఆవిడ ఫోను చేసేది."

ఎర్రది అంటే ఏమిటో రైల్వేలో పనిచేయనివాళ్లకి చెప్పాలి. మన రైళ్లకి చివరి పెట్టె వెనక ఎల్వీ, అంటే లాస్ట్ వెహికల్, అని రాసిన బోర్డు ఉంటుంది, చూసే ఉంటారు. వాళ్లకి ఎరుపూ తెలుపూ కలిసిన పలక. ఆ పలక మన కళ్ల ముందు దాటితే బండి మొత్తం వచ్చినట్టు. లేకపోతే దారిలో ఎక్కడో పెట్టెల్ని కలిపే కప్లింగ్ తెగి కొన్ని పెట్టెలు పట్టాల మీదే ఉండిపోయినట్టు. పలక చూడకుండానే బండి వచ్చేసిందని వెనక స్టేషనుకి చెప్పామనుకోండి, వాళ్లు ఇంకో బండిని వదులుతారు. అది వెళ్లి ఆ పెట్టెల్ని గుద్దుకుంటుంది. మా ఉద్యోగంలో ఇంతకు మించిన పాపం లేదు.

ఇదంతా రూతుకి వివరంగా చెప్పాను. అది జర్మన్‌లోకి మార్చుకుని కంఠతా పట్టింది. నేను చెప్పిన తీరులో వింతేమీ లేదు. పక్క స్టేషన్లో పనిచేసిన మనిషి గురించి మాటల్లో వచ్చినప్పుడు ఎలా చెబుతామో అలా చెప్పాను. అది అదే పేజీలో ఇంకోచోట చదివాననే నేననుకున్నాను. తను చూడని చోట ఉన్నదే చెబుతున్నాననే అదీ అనుకుంది.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం మా ముందు గదిలో కూర్చుంది. కరెంటు పోతే వెంటనే ఇన్వర్టరు చూసుకోవడానికి నేను కెమెరాకి కనబడకుండా గోడవారగా స్టూలు మీద కూర్చున్నాను. తెర మీద ఉన్నావిడ ఆ ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద, యాభై దాటి ఉంటాయి. మొదట్లో రూతు గొంతు వణికింది. రైలు మొదలయ్యాక వణుకు పోయింది. నాకు భాష రాకపోయినా దుంపల దగ్గరున్నామో, బస్సుల దగ్గరున్నామో లయని బట్టి తెలిసిపోతూనే ఉంది.

హాల్టు దగ్గరికి వచ్చి, పాలక్యాను మాట చెప్పగానే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఏదో అడిగింది. రూతు మొహం పాలిపోయింది. అయిపోయింది, మూడోది కూడా పోయింది అనుకున్నాను. 

"ఇది ఎవరు చెప్పారని అడుగుతున్నారు డాడీ. మీరు రండి."

లుంగీ, చేతులకి సొన మరకలు. అలాగే వెళ్లి కూతురి పక్కన నిలబడ్డాను. ఆవిడ నన్ను చాలాసేపు చూసి మెల్లగా మాట్లాడింది. రూతు ఆగి ఆగి తెలుగులో చెప్పింది. ఆ గేటు చూసినావిడ ఈవిడ అమ్మమ్మ. పాలక్యాను మీద నిలబడ్డ పిల్ల ఈవిడ తల్లి. అమ్మమ్మకి చూపు లేదన్న సంగతి బయట ఎక్కడా అనకూడదని ఇంట్లో కట్టుదిట్టం. లైను మూసేశాక కూడా అనలేదు. ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. మీ నాన్నగారు ఎప్పుడైనా జర్మనీలో పనిచేశారా అని అడిగింది.

నేను జీవితంలో వెళ్లిన అతి ఎక్కువ దూరం ఖరగ్‌పూర్. అదే చెప్పమన్నాను. పేజీలో చదివానని కూడా చెప్పమన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్లీ కబురు చేస్తామని చెప్పి పెట్టేసింది.

ఆ సాయంత్రం నేనూ రూతూ ఆ పేజీని మొదటినుంచి చివరిదాకా చదివాం. లేదు. అదే లైను గురించి ఉన్న ఇంకొన్ని పేజీలు వెతికాం. వాటిలోనూ లేదు. నా సర్వీసులో చూపు తగ్గిన గేట్‌మన్ ఎవరైనా ఉన్నాడా, వాణ్ణి దీంతో కలిపేశానా అని ఆలోచించాను. మాకు క్రమం తప్పకుండా కంటి పరీక్షలు జరుగుతూనే ఉంటాయి, అలాంటివాణ్ణి ఒక్కణ్ణీ ఎరగను. రూతు ఏడుపు ఇంకోలా ఉంది. వాళ్ల గుట్టు ఎక్కడో తవ్వి తెచ్చి ఉద్యోగం కోసం వాడుకున్నానని అనుకుంటారు డాడీ అంది.  మా ఆవిడ మాత్రం ఇది దేవుని వరం అంది. పాస్టరుగారికి చెబుతానంటే గట్టిగా కేకలేశాను.

కొన్నాళ్లకి ఆ మేడమ్ మళ్లీ ఫోన్ చేసింది. ఉద్యోగం మాట ఎత్తలేదు. వాళ్లమ్మ ఎనభై దాటిన మనిషి, ఆవిడకి జరిగింది చెప్పిందట. ఆవిడ నాతో మాట్లాడాలంటోందట. ఆదివారం చర్చి అయ్యాక మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

"ఏం అడిగినా తెలీదనే చెప్పండి డాడీ. ఇంకేం వద్దు. ప్లీజ్" అని రూతు ముందే బతిమాలింది. సరేనన్నాను. అది నిజం కూడా కదా, నాకు తెలిసిందేముంది?

ముసలావిడ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. జుట్టు దూదిలా ఉంది. మమ్మల్ని పలకరించనైనా పలకరించకుండా మొదలుపెట్టింది. ఆవిడ మాటలు రూతు చెబుతుంటే విన్నాను.

చిన్నప్పుడు ఒకరోజు మంచు బాగా కురుస్తోందట. పొద్దున్న బండి. ఒంట్లో జ్వరం. క్యాను మీద నిలబెట్టారు గానీ చలికి తట్టుకోలేక మొహం శాలువలో దాచుకుంది. బండి చప్పుడు దాటిపోయింది. ఎర్రది వచ్చిందా అని తల్లి అడిగింది. చూడకుండానే వచ్చిందమ్మా అనేసింది. తల్లి ఫోన్ చేసేసింది. వెనక వచ్చే బండిలో బడికి వెళ్లే పిల్లలుంటారు. ఆ బండి వచ్చేదాకా ఈ పిల్ల క్యాను దిగలేదు. వచ్చింది. ఏమీ కాలేదు. కానీ తల్లికి చెప్పలేదు. తల్లి పోయింది. తరవాత ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా. ఆ కూతురు అప్పుడే మొదటిసారి వింటోంది, తెరలో ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది.

అప్పుడు ముసలావిడ ముందుకి వంగి అడిగింది. ఆ రోజు ఎర్రది వచ్చిందా?

నేను చెప్పాల్సింది తెలియదు అని. లేదంటే, వెనక బండి క్షేమంగా వచ్చిందంటే పలక వచ్చినట్టే కదమ్మా అని. రైల్వేలో పనిచేసిన ఏ మనిషైనా ఆ రెండో మాటే అంటాడు. అది అందామనే నోరు తెరిచాను.

"వచ్చిందమ్మా, నేను చూశాను. కింద సగం మంచు అంటుకుపోయింది, పైనున్న ఎరుపే కనబడింది. మీరేం బెంగపెట్టుకోకండి" అన్నాను.

రూతు నా వైపు తిరిగి చూసింది. చెప్పనా అన్నట్టు. చెప్పు అన్నాను. అది ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. ముసలావిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని విన్నది. కాసేపటికి కళ్లు తుడుచుకుంది. తరవాత నా పేరు అడిగింది, చెప్పాను. దాన్ని రెండు మూడు సార్లు పలకడానికి ప్రయత్నించి నవ్వింది. అంతటితో ఫోన్ పెట్టేశారు.

ఉద్యోగం వచ్చింది. రూతు మాట్లాడిన తీరుకే ఇచ్చామని ఆ మేడమ్ రాసింది. అమ్మాయి ఇప్పుడు వీసా పనుల్లో ఉంది.

నేను ఈ జన్మలో నేల మీద పేరుకున్న మంచు చూడలేదు. సర్వీసు మొత్తంలో చూడని పలకని చూశానని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ ఆదివారం చెప్పింది కూడా చూసే చెప్పాను. తెల్లటి నేల, నల్లటి చెట్లు, వాటి మధ్యలోంచి దూరమైపోతున్న ఆ పలక, నా కళ్లకి స్పష్టంగా కనబడ్డాయి. ఎక్కడ నిలబడి చూశానో మాత్రం నాకు తెలియదు.