గెలుపు కోసం చేర్చిన పన్నెండు లైన్లు

1988 జూన్‌లో నన్ను కోదాడ నుంచి మిర్యాలగూడలోని ఒక బాలికల ఉన్నత పాఠశాలకు లెక్కల స్కూల్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. నేను చేరేనాటికి ఆ బడికి సర్కారు పథకం కింద వచ్చిన రెండు కంప్యూటర్లు పెట్టెలు విప్పకుండానే ఉన్నాయి. లెక్కలవాణ్ణని నన్ను మూడు వారాల శిక్షణకు పంపి, తిరిగి రాగానే కంప్యూటర్ ఇన్‌చార్జి అని ఆర్డరు ఇచ్చారు. అందువల్ల హోదా ఏమీ పెరగలేదు. గది తాళంచెవి, ఒక స్టాకు రిజిస్టరు, ఏదైనా పాడైతే సంజాయిషీ రాసే బాధ్యత దక్కాయి.

ఆ మెషీన్ల గురించి ఇప్పటివాళ్ళకు కొంచెం చెప్పాలి. ప్రోగ్రాంను టేపురికార్డరు క్యాసెట్‌లో దాచుకునేవాళ్ళం. అది మళ్ళీ మెషీన్లోకి ఎక్కడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టేది, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. తెర మీద తెలుగు లిపి రాదు కనుక ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళం. బేసిక్ అనే భాషలో ప్రతి లైనుకూ ఒక నంబరు ఉంటుంది. ఫలానా మీట నొక్కితే ఫలానా నంబరు లైనుకు వెళ్ళమని రాస్తే మెషీను అక్కడికి వెళ్తుంది. ఆ ఒక్క సదుపాయంతో కథ చెప్పవచ్చునని కనిపెట్టింది నేను కాదు, తొమ్మిదో తరగతి చదివే రజిత.

కథ కోసం రజిత మా బడి ఆయమ్మ మరియమ్మను అడిగింది. మరియమ్మది వాడపల్లి దగ్గర, మూసీ ఒడ్డున ఒక చిన్న పల్లె. ఆమెకు పదేళ్ళ వయసులో ఒక మధ్యాహ్నం ఏరు ఊరి మీదికి వచ్చింది. పెద్దవాళ్ళు పొలాల్లో ఉన్నారు. చంకలో తమ్ముడు, చేతిలో ఆరేళ్ళ చెల్లెలు శాంతమ్మ చెయ్యి. నడుములోతు నీళ్ళలో, జాలరి తెచ్చిన పుట్టి వైపు నడిచింది. పుట్టి పది అడుగుల దూరంలో ఉండగా చెల్లెలి చెయ్యి జారింది. శవం కూడా దొరకలేదు. ఆ సంగతిని ఆటగా రాస్తామంటే మరియమ్మ అడ్డు చెప్పలేదు. "రాసుకోండ్రి బిడ్డా, నా చెల్లె పేరన్న ఉంటది" అందట.

రజిత, ఆమె స్నేహితురాళ్ళు ఇద్దరు రెండు నెలలు రాశారు. లెక్క తప్పినచోట నేను సరిదిద్దాను. ఆటలో ఆ పదేళ్ళ పిల్ల మీరే. ఇంట్లో ఆగాలా, బయలుదేరాలా, ఏ వీధిన పోవాలి, అన్నీ మీరే మీట నొక్కి చెప్పాలి. దారిలో శాంతమ్మ మీతో మాట్లాడుతూనే ఉంటుంది. "అక్కా, నా చెప్పు పోయింది" అంటుంది. "అక్కా, బర్రె ఈదుతుంది సూడు" అంటుంది. చివరికి ప్రవాహం లాగుతుంది. తమ్ముణ్ణి వదిలితే చెల్లెలు దక్కుతుంది, చెల్లెల్ని వదిలితే తమ్ముడు. ఇద్దరినీ పట్టుకుంటే ముగ్గురూ పోతారు. నాలుగో దారి లేదు.

తెర మీద ఒక్క బొమ్మ లేదు, ఉత్త అక్షరాలే. అయినా ఆడిన పిల్లలు కళ్ళు తుడుచుకుంటూ లేచేవారు. మా తెలుగు పండితుడుగారు ముప్పై ఏళ్ళుగా కరుణరసం బోధిస్తున్న మనిషి, ఎప్పుడూ చలించినట్టు కనిపించేవారు కాదు. ఒకరోజు ఆడి, క్యారేజీ విప్పకుండానే కూర్చున్నారు. "నేను వదిలేశానండీ ఆ పిల్లని" అన్నారు. శాంతమ్మ పోయింది అనలేదు. ఆ తేడా నేను గమనించాను కానీ, దాని బరువు అప్పటికి నాకు అందలేదు.

మరియమ్మకు చదువు రాదు. రజిత చదివి వినిపిస్తే ఏ మీట నొక్కాలో ఆమె చెప్పేది. మొదటి రోజు చెల్లెలినే వదిలింది. మర్నాడు తమ్ముణ్ణి వదిలింది. ఆ తర్వాత ఇద్దరినీ పట్టుకుని ముగ్గురినీ పోగొట్టింది. వారం రోజులు ఊడ్చే పని కాగానే వచ్చి ఆడింది. చివరి రోజు నా వైపు తిరిగి, "ఏం జేసినా గంతేనా సార్?" అంది. అంతేనన్నాను. "ఎవలున్నా గంతేనా?" అంది. ఎవరైనా అంతేనన్నాను. తల ఊపి, చీపురు తీసుకుని వెళ్ళింది. ఆ రోజుల్లో ఆమె పని చేసుకుంటూ పాటలు పాడటం మొదటిసారి విన్నామని టీచర్లు చెప్పుకున్నారు.

డిసెంబరులో మా పైఅధికారి తనిఖీకి వచ్చారు. సూర్యాపేటలో జరగబోయే విద్యా ప్రదర్శనకు బడి తరఫున ఏం పంపుతారని అడిగితే హెడ్మిస్ట్రెస్‌గారు ఈ ఆట చూపించారు. ఆయన నిలబడే రెండుసార్లు ఆడి, రెండుసార్లూ ఓడి, చిరాకుపడ్డారు. గెలుపు లేని ఆట విద్యార్థులను నిరుత్సాహపరుస్తుందని, తెలివిగా ఆలోచిస్తే అందరినీ రక్షించే దారి ఒకటి ఉండాలని, అది పెడితేనే ప్రదర్శనకు పంపాలని అన్నారు. తనిఖీ రిపోర్టులో కూడా అదే రాశారు.

ఇది నిజంగా జరిగిన కథ అని ఆయనకు చెప్పవలసింది. నేను చెప్పలేదు. "అలాగే సార్" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఆయన మీద ఎంత కోపమో నా మీదా అంతే కోపం. రజిత వద్దంది. "అది జరగలేదు కద సార్" అంది. ఆటలే కదమ్మా అని కసిరి, నేనే కూర్చుని పన్నెండు లైన్లు చేర్చాను. ఇంట్లోంచి బయలుదేరే ముందు ఉయ్యాల చీర విప్పి చెల్లెల్ని నడుముకు కట్టుకుంటే ముగ్గురూ పుట్టి ఎక్కుతారు.

సూర్యాపేటకు ఆడపిల్లలకు తోడుగా మరియమ్మ కూడా వచ్చింది. మా బల్ల దగ్గర జనం బాగా చేరారు. వేరే బడి పిల్లలు నాలుగైదుసార్లు ఓడి, చివరికి "గెలిచినం" అని అరిచి చప్పట్లు కొట్టారు. ఎట్లా గెలిచారని మరియమ్మ రజితను అడిగింది. రజిత తల వంచుకుని చెప్పింది.

నేను అధికారిగారి పక్కన ఉన్నాను. మరియమ్మ నేరుగా నా ముందుకు వచ్చి నిలబడింది. అంతవరకు నన్ను ఏనాడూ నువ్వు అనని మనిషి.

"మా ఇంట్ల ఉయ్యాల లేకుండెనా? ఉండె. చీర ఉయ్యాలనే. దాని పక్కకెల్లే బయటికొచ్చిన. గా చీర కట్టుకుంటే నా చెల్లె బతుకుతుండెనా? ఏం జేసినా గంతేనని నువ్వే చెప్పితివి. ఇప్పుడు నాకు బుద్ధి లేకనే సచ్చిందంటవా?"

అధికారిగారు "ఎవరీవిడ? బయటికి పంపండి" అన్నారు.

అప్పుడు వచ్చిన కోపం నా సర్వీసులో మళ్ళీ రాలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, ఆడుతున్న పిల్లను లేపి, ఆట ఆపి, ఆ పన్నెండు లైన్లనూ అందరి ముందూ చెరిపేశాను. "ఇది మా ఆయమ్మ కథ. ఇందులో గెలుపు లేదు, మీరు ఆడినా లేదు సార్" అని ఆయనతో అన్నాను. నా గొంతు హాలంతా వినిపించిందని తర్వాత రజిత చెప్పింది. మా బల్లను మధ్యాహ్నానికల్లా తీయించారు.

పదో రోజున మెమో వచ్చింది. వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. జరిగింది జరిగినట్టు రాశాను, క్షమాపణ రాయలేదు. మందలింపు నా సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. కంప్యూటర్ గది తాళంచెవి ఇంకొకరికి ఇచ్చారు. కొన్నాళ్ళకు ఆట ఉన్న క్యాసెట్ మీద ఎవరో పద్యాలు రికార్డు చేశారు.

మరియమ్మను క్షమాపణ అడగడానికి వెళ్ళాను. బకెట్ కింద పెట్టి విన్నది. "నువ్వు పెట్టినవి నువ్వు తుడిసినవ్ సార్. నా తలకాయల పడ్డదాన్ని ఎవలు తుడుస్తరు?" అంది. ఆ తర్వాత నన్ను మళ్ళీ "మీరు" అనలేదు. ఆ గదిలోకీ రాలేదు. నేను బదిలీ అయ్యేదాకా ఆమె పాట మళ్ళీ వినలేదు.

తర్వాత ఇరవై ఏళ్ళు చాలామంది పిల్లలకు ప్రోగ్రాములు నేర్పాను. కథ ఉన్న ఆట రాస్తామని వచ్చినవాళ్ళకు ఒకటే చెప్పేవాణ్ణి. పుస్తకంలో మనిషి చనిపోతే చదివేవాడు బాధపడతాడు. ఆటలో చనిపోతే ఆడేవాడు తన చేతుల వైపు చూసుకుంటాడు. అందులో ఒక గెలిచే దారి పెడితే, ఓడిన ప్రతివాడికీ అది నీ తప్పని చెప్పినట్టే. కొన్ని కథలకు ఆ దారి ఉండవచ్చు. ఈ కథకు ఉందో లేదో తెలిసిన మనిషి రోజూ నా గదే ఊడ్చేది. ఆ పన్నెండు లైన్లు రాసే ముందు నేను ఆమెను అడగలేదు.