నెత్తిన పోసిన నల్లనీళ్లు

ఎమ్మెస్సీ అయ్యాక నా మొదటి ఉద్యోగం కర్ణాటకలోని మాలూరు దగ్గర ఒక చెత్త యార్డులో. చెత్త నుంచి కారిన నల్లటి నీళ్లు అక్కడ కుంటలా నిలిచేవి. ఆ నీళ్లలోని విషాన్ని తినే సూక్ష్మజీవులను డ్రమ్ముల్లో పెంచి, ఆ కుంటలో కలపడం నా పని.

మొదటి డ్రమ్ము దించుతుండగానే ఊరివాళ్లు చుట్టుముట్టారు. ముందు నిలబడిన మునెమ్మ అనే ఆవిడ అడిగింది.

“ఏమమ్మా, దాంట్లో ఏముండాది?”

“సూక్ష్మజీవులమ్మా. నీళ్లను బాగుచేస్తాయి.”

“క్రిములా? ఈ నీళ్లు తాగి నా ఆవు సచ్చింది. ఇంగ మమ్మల్ని చంపేదానికి వచ్చినావా?”

నేను బదులు చెప్పేలోపే బిందెతో కుంటలోని నీళ్లు ముంచి నా నెత్తిన కుమ్మరించింది. కళ్లు మండిపోయాయి. ఎవరూ ఆపలేదు. “బాగా చేసినావు” అన్నాడొకడు. ఎంత కడుక్కున్నా వాసన పోలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లే మారికుప్పం రైల్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

తర్వాత పోలీసుల కాపలాలో పని జరిగింది. కొన్ని నెలలకు నీళ్లు తేటపడ్డాయి. ఆ మాట చెప్పాలని మునెమ్మ ఇంటికి వెళ్లాను.

“నా ఆవు లేసొస్తాదా?” అని తలుపు వేసుకుంది.

ఆమె మీద కోపం నాకింకా పూర్తిగా పోలేదు. అయినా ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా, డ్రమ్ము దించకముందే ఇంటింటికీ తిరిగి, ఆ నీళ్ల వల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందో అడుగుతాను.