డోసుకు ముందు

నిరుడు మార్చి పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు నా మేనకోడలి చేతి నుంచి రెండు ట్యూబుల రక్తం తీశారు. తీయవలసింది తొమ్మిదిన్నరకు. రెండు గంటల నలభై నిమిషాల తేడా. ఈ లెక్క నా డైరీలో అప్పటికప్పుడే పడింది. దాని అర్థం మాత్రం నాకు సెప్టెంబరులో తెలిసింది.

మేనకోడలు అంటే మా తమ్ముడి కూతురు. జనగామ వైపు నుంచి వచ్చి ఇక్కడి క్యాంపస్‌లో వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. పెద్దపేగులో పుళ్ళు పడే జబ్బు అని తేలాక, పదిమందికి ఒక బాత్రూము ఉన్న హాస్టల్లో ఉండలేక, తార్నాకలో నా రెండు గదుల ఫ్లాటుకు వచ్చేసింది. నేను అదే క్యాంపస్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయించి రిటైరయ్యాను. ఏది ఎన్ని గంటలకు జరిగిందో రాసుకోకపోతే నాకు అన్నం సయించదు.

"అత్తమ్మా, నేను ఎన్నిసార్లు బాత్రూముకు పోయిన్నో గూడ నీ డైరీల ఉన్నదా?" అని ఒకసారి నవ్వుతూ అడిగింది.

"ఉంది. నిన్న పదకొండు."

"పన్నెండు. ఒకసారి నువ్వు పాల ప్యాకెట్లకు పోయినవ్."

దిద్దుకున్నాను.

ఆమెకు ఎనిమిది వారాలకోసారి ఆసుపత్రిలో నరంలోకి ఒక మందు ఎక్కించేవారు. ఒక ఏడాది బాగానే పనిచేసింది. తర్వాత డోసుకు రెండు వారాల ముందు నుంచే మళ్ళీ విరేచనాల్లో రక్తం పడటం మొదలైంది. డోసు పడితే తగ్గేది, ఆరో వారం దాటితే మళ్ళీ పడేది. ఒంట్లో మందు ఎంత మిగులుతోందో చూద్దామన్నాడు డాక్టరు. తక్కువ ఉంటే మోతాదు పెంచుతాం, నిండుగా ఉండి కూడా జబ్బు తగ్గకపోతే ఈ మందు పనిచేయడం లేదని అర్థం, మారుస్తాం అన్నాడు. పేగు నిలుస్తుందా లేదా అన్నది ఆ ఒక్క అంకె మీద ఉంది. ఆ అంకె కొత్త డోసు ఎక్కించే ముందు తీసిన రక్తానిదై ఉండాలి. ఎక్కించాక తీస్తే, ట్యాంకర్ వచ్చి వెళ్ళాక సంపులో కర్ర ముంచి, ఈ ఇంట్లో నీళ్ళకు కరువెక్కడ అన్నట్టు ఉంటుంది.

ఆ మంగళవారం నేను పక్కనే కూర్చున్నాను. నర్సు సూది పెట్టగానే, "రక్తం ఇప్పుడే తీయాలి కదా?" అని మేనకోడలు అడిగింది.

"ఇప్పుడు తీస్తే శాంపుల్ గీడనే పడుంటది అక్కా. ల్యాబు బండి పన్నెండున్నరకు వస్తది. మందు అయిపోయినంక గీ సూదిలకెళ్ళే తీస్త, తాజాగ పోతది. మళ్ళ గుచ్చుడు ఉండదు."

గుచ్చుడు ఉండదు అనేసరికి మా ఇద్దరికీ ఆ పిల్ల మీద ప్రేమ పుట్టింది. మేనకోడలికి నరం దొరకదు. ఒక్కోసారి నాలుగు చోట్ల పొడిచేవారు. నేను గంట చూసి రాసుకున్నాను. తొమ్మిది యాభై, డ్రిప్పు మొదలు. పన్నెండు అయిదు, పూర్తి. పన్నెండు పది, రక్తం.

మార్చి ఇరవై నాలుగున రిపోర్టు వచ్చింది. మందు నిండుగా ఉందమ్మా, అయినా లాభం లేదు, మారుద్దాం అన్నాడు డాక్టరు. మే ఆరున కొత్త మందు మొదలైంది. జూన్‌లో జ్వరం. జూలైలో రోజుకు ఇరవై రెండు సార్లు. ఆగస్టు పంతొమ్మిదిన పెద్దపేగు మొత్తం తీసేసి, మలం పోవడానికి పొట్టకు సంచి పెట్టారు.

సెప్టెంబరు నాలుగున ఆమె నిద్రపోతుంటే ఫైలు సర్దుతూ మార్చి రిపోర్టు మొదటిసారి చూశాను. మందు స్థాయి యంత్రం కొలవగలిగిన హద్దు దాటి ఉంది. ఆరో వారానికే రక్తం పడే మనిషిలో ఎనిమిదో వారానికి అంత మందు ఎలా మిగులుతుంది? మొదటి ఏడాది విద్యార్థి అయినా ఎప్పుడు తీశారని అడగాలి. డాక్టరు అడగలేదు. ల్యాబు అడగలేదు. అంకె కింద అచ్చులో ఉంది: డోసుకు ముందు. డైరీ తెచ్చి పక్కన పెట్టాను. పన్నెండు పది. అయిదు నెలలకు పైగా ఆ రెండు కాగితాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి. నేను కలిపి చూడలేదు.

సోమవారం పొద్దున ఆసుపత్రికి వెళ్ళాను. డ్రిప్పు గది ఇన్‌ఛార్జిని చూడగానే గుర్తుపట్టాను. అంతకుముందు అతని గది అద్దం వెనక దూరం నుంచే చూశాను, పోల్చుకోలేదు. నా దగ్గర ప్రాక్టికల్స్ చేసినవాడు.

"మేడం, మీరా. కూర్చోండి. చాయ్ చెప్తా."

"ఫారం మీద డోసుకు ముందు అని టిక్కు ఎవరు పెడతారు?"

"నేనే మేడం. పొద్దున్నే కట్ట మొత్తానికి పెట్టేస్త. ఆ టెస్టంటేనే ముందు తీసేది గదా."

"తీసింది ఎప్పుడో ఎవరు చూస్తారు?"

డైరీ తెరిచి అతని ముందు పెట్టాను. చదివాడు. మళ్ళీ చదివాడు. పేషెంట్ ఎట్లున్నది అని అడిగాడు. చెప్పాను. చేతులు టేబుల్ కిందికి పోయాయి. మెల్లగా అన్నాడు.

"కోప్పడకుండ్రి మేడం. రికార్డులల్ల టైములు ముందే నింపుకొని రమ్మని మీరే చెప్పేటోళ్ళు గదా. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చే రోజు."

నిజం. మూడు గంటల్లో నలభై మందితో ప్రయోగం పూర్తి కావాలంటే, ఏ నిమిషానికి ఏ రీడింగ్ అన్న గడి ఇంట్లోనే నింపుకొని రమ్మనేదాన్ని. వాళ్ళు నింపేవారు. నేను సంతకం పెట్టేదాన్ని.

"చెప్పాను. అందుకే నేనే దిద్దిస్తాను," అన్నాను. "ఇప్పుడు నీ చేత్తో రాయి. ఏ రోజు, ఎన్ని గంటలకు తీశారు, టిక్కు ఎప్పుడు పెట్టావు."

"నా ఉద్యోగం పోతది మేడం."

"రాయి."

మూడు వాక్యాలు రాశాడు. రెండో వాక్యంలో గంట వదిలేస్తే మళ్ళీ రాయించాను. ఆ కాగితం నకలు జత చేసి ఆసుపత్రి పెద్దలకు ఫిర్యాదు ఇచ్చాను. మోతాదు పెంచి ఉంటే పేగు నిలిచేదా అని డాక్టర్నీ అడిగాను. "చెప్పలేమమ్మా. నిలిచే అవకాశం ఉండేది," అన్నాడు. ఆ మాటకూ తేదీ వేసుకున్నాను.

అతన్ని వేరే శాఖకు పంపిస్తామని ఆసుపత్రి జవాబు రాసింది. వద్దని నేను తిరిగి రాశాను. వేరే చోటికి పోతే ఆర్నెల్లలో మరిచిపోతాడు. అదే గదిలో, అదే కుర్చీలో ఉండాలన్నాను. బదిలీ ఆగింది. నా ఉత్తరం వల్లో, ఆ పని చేసే ఇంకో మనిషి దొరకకో తెలియదు.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం తొమ్మిదికల్లా వెళ్ళి అద్దం ఇవతల బల్ల మీద కూర్చుంటాను. లోపలికి పోయే ప్రతి మనిషికీ ఒకే మాట చెబుతాను, డ్రిప్పు పెట్టకముందే రక్తం ఇవ్వండి, గంట రాయించుకోండి అని. ఇన్‌ఛార్జి ఇప్పుడు ఫారాలు కట్టగా పట్టుకోడు. ఒక్కో ట్యూబు వచ్చాక గోడ గడియారం చూసి, ఒక్కో ఫారం నింపుతాడు. నేను ఉన్నానో లేదో చూడటానికి ఒక్కసారి తలెత్తుతాడు. ఉంటాను.

"ఇగ వదిలెయ్యరాదు అత్తమ్మా," అంది మేనకోడలు మొన్న, సంచి మార్చుకుంటూ. "ఆయనకు బీపీ గోలీలు మొదలైనయట. నర్సు చెప్పింది."

"ఏ తేదీ నుంచి?"

నా వైపు చూసి, తలుపు వేసుకుంది.

పోయినవి రాసి ముగిస్తాను. పెద్దపేగు, మొత్తం. బరువు తొమ్మిది కిలోలు, అందులో నాలుగు తిరిగి వచ్చాయి. ఒక వానాకాలం, అప్పుడు మాత్రమే మొలిచే, ఆమె సేకరించవలసిన మొక్కలతో సహా. పరిశోధన గడువులో అయిదు నెలలు. నా సంతకం మీద నాకున్న గౌరవం. మేనకోడలు ఇంట్లో నాతో నవ్వుతూ మాట్లాడటం, మొన్నటి నుంచి.