చక్రాలు లేని విల్లు

ఈ నాలుగు ముక్కలూ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మన సంఘం పత్రిక వాళ్లు ఫోన్ చేస్తే మొదటిసారి జలుబన్నాను, రెండోసారి కళ్లద్దాలు కనబడట్లేదన్నాను. మూడోసారి అక్క చేత చేయించారు. అక్కకి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆ విద్య ఆ ఇంట్లో ఇంకొకరికి బాగా వచ్చు. వచ్చేది, అనాలి కాబోలు ఇప్పుడు.

మా బావ పోయాడు. అక్క మొగుడు. దసరా వెళ్లిన మూడోవారం, సోమవారం పొద్దున్న, ఆష్‌బర్న్‌లో వాళ్లింటి వెనక చెక్క డెక్ మీద కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. "ఒరేయ్, మీ బావ పలకట్లేదురా," అంది అక్క ఫోన్‌లో. నేను వెళ్లేసరికి అంబులెన్స్ లైట్లు ఆర్పేసి నిలబడి ఉంది. అలా నిలబడ్డ అంబులెన్స్‌ని చూశాక ఇంక లోపలికి పరిగెత్తక్కర్లేదని తెలిసిపోతుంది. నడిచే వెళ్లాను.

నేను చదువుకున్నవాణ్ణి కాను. అక్క వీసా కాగితాలు పెడితే నలభై దాటాక ఈ అమెరికా దేశం వచ్చాను. బావ పెద్ద కంప్యూటర్ల మనిషి, నేను డేటా సెంటర్లలో నేల కింద కేబుళ్లు లాగిన మనిషిని. మీరు ఫోన్‌లో చూసే పెళ్లి వీడియోలు కొన్నయినా నేను లాగిన తీగల్లోంచే వెళ్లి ఉంటాయి. ఆ పెళ్లిళ్లకి నన్నెవరూ పిలవలేదు, అది వేరే సంగతి.

వేట నేర్పింది బావే. మన పప్పన్నం జనంలో వేటేమిటని మీరనుకోవచ్చు, నేనూ అనుకున్నాను. ఆయన ఆఫీసులో ఒక తెల్లాయన మొదట ఆయన్ని తీసుకెళ్లాడు, ఆయన నన్ను తీసుకెళ్లాడు. మా కౌంటీకి, అంటే జిల్లాకి, పడమట ఒక ముసలి రైతు, తన సోయాబీన్ అంతా జింకలు మేసేస్తున్నాయని, వచ్చి కొట్టుకోమన్నాడు. అప్పట్లో ఇద్దరివీ కాంపౌండ్ విళ్లు. రెండు కొసలా చక్రాలుంటాయి. లాగేదాకానే కష్టం, ఆ తర్వాత బరువంతా చక్రాలే మోస్తాయి. గురికి మెరిసే చుక్కలుంటాయి, మీట నొక్కితే బాణం పోతుంది. నలభై గజాల నుంచి నాకు గురి తప్పేది కాదు. మూడేళ్లలో మూడు జింకలు కొట్టాను. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఎవరూ గుర్తుంచుకోలేదు, నాతో సహా.

తర్వాత ఒక దసరాకి, వాళ్ల గరాజ్‌లో ఆయుధపూజ. లాప్‌టాప్‌లు, కారు తాళాలు, అక్క కుట్టుమిషను, అన్నీ వరసగా పెట్టి బావ బొట్లు పెడుతున్నాడు. మధ్యలో ఆయన కొత్త విల్లు, ఒట్టి కర్ర, తాడు, అంతే. నా విల్లు కూడా పక్కన పెట్టబోయాను.

"ఏవోయ్, అది దూరంగా పెట్టు. చక్రాలున్నదానికి నేను బొట్టు పెట్టను," అన్నాడు.

"కారుకి నాలుగున్నాయి కదా బావా."

"కారుతో వేటాడుతున్నామా?"

"పోయినేడు మన పెద్దమ్మాయి ఆడింది," అంది అక్క హారతి పళ్లెం పట్టుకుని. రూట్ సెవెన్ మీద మా మేనకోడలి కారుకి జింక అడ్డమొచ్చి బంపర్ ఊడిపోయింది లెండి.

బావ నవ్వలేదు. "చక్రాల విల్లు జింకని నీ దగ్గరికి తెస్తుంది. కర్రవిల్లు నిన్ను జింక దగ్గరికి తీసుకెళ్తుంది. ఏది వేటో నువ్వే చెప్పు," అన్నాడు. ఆ మాటకి నేను పడిపోయాను. చదువుకోనివాడు ఇలాంటి మాటలకి తొందరగా పడతాడు. ఇద్దరం హారతి మీద చేతులు పెట్టి ఇక చక్రాల విల్లు ముట్టుకోమని ఒట్టేసుకున్నాం. తన పాతది అప్పటికే ఎవరికో ఇచ్చేశానన్నాడు. నాది కూడా పట్టుకెళ్లాడు, ఒక ఆర్చరీ క్లబ్‌కి ఇస్తానని. అరచెయ్యి చెమట పడుతుందని దాని పట్టు మీద నేను టెన్నిస్ బ్యాట్లకి చుట్టే ఆకుపచ్చ టేపు చుట్టుకున్నాను. వారం తర్వాత బావ ఫోన్ చేసి, "క్లబ్ వాళ్లు నీకు థాంక్స్ చెప్పమన్నారోయ్. ఆ ఆకుపచ్చ టేపు భలే ఉందన్నారు," అన్నాడు.

నాకూ ఒక కర్రవిల్లు కొనిపెట్టాడు. అది అంత తేలిగ్గా లొంగేది కాదు. బరువంతా మూడు వేళ్ల మీదా భుజం మీదా ఉంటుంది. గురికి చుక్కలుండవు, కన్ను ఎక్కడుంటే బాణం అక్కడికి పోవాలి. బేస్‌మెంట్‌లో పాత బట్టలు కూరిన గోనెసంచికి రోజుకి వంద బాణాలు వేయించాడు. "జింకని చూడకు, దాని మీద ఒక వెంట్రుకని చూడు," అనేవాడు. జేబులో విభూతి పొట్లం ఉండేది. పొలంలో దిగగానే చిటికెడు గాల్లోకి వదిలి అది ఎటు పోతోందో చూసి, గాలికెదురుగా నడిపించేవాడు. మడమ ముందు ఆనించకుండా నడవడం, ఎండుటాకుల మీద చప్పుడైతే చెట్టులా ఆగిపోవడం, అన్నీ ఆయన నేర్పినవే. అవి అబద్ధం కాదు. ఇప్పటికీ నేను మాల్‌లో కూడా అలాగే నడుస్తానని మా ఆవిడ విసుక్కుంటుంది.

పొలంలో మాత్రం ఇద్దరం ఒకచోట కూర్చునేవాళ్లం కాదు. "రెండు వాసనలు ఒకచోట ఉంటే జింక రాదు," అనేవాడు. ఆయన ఒక గంట ముందే వచ్చేవాడు. నేను ఈ చివర, ఆయన గడ్డిపాక వైపు ఆ చివర. ప్రతి వేట సీజన్‌లో ఆయనకి జింక పడేది. ఫోన్ చేస్తే నేను వెళ్లేసరికి బాణం పీకి, తుడిచి, సంచిలో పెట్టేసి ఉండేవాడు. ఎంత శుభ్రమైన మనిషి అనుకునేవాణ్ణి.

నాకు మూడేళ్లు ఏమీ పడలేదు. నాలుగో ఏడు ఇరవై అడుగుల దూరంలో ఒక ఆడజింక ఆగింది. వదిలాను. వెనగ్గా, పొట్టలో తగిలింది. సాయంత్రం దాకా నెత్తుటి చుక్కలు చూసుకుంటూ ఇద్దరం వాగు దాకా వెళ్లాం. అక్కడితో చుక్కలు ఆగిపోయాయి. ఆ జింక ఎక్కడో పడి ఎంతసేపు కొట్టుకుందో నాకు తెలీదు.

ఆ రోజు నా కారు పొలం దగ్గరే వదిలేసి, ఆయన కార్‌లో వెళ్తూ నేను అన్నాను, "బావా, నాకు చక్రాల విల్లే నయమేమో."

"విల్లుది తప్పు కాదు, నీది. నేను కొట్టట్లేదూ?" అన్నాడు, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

ఆ మాట నాలో దిగిపోయింది. అదే కర్ర, అదే పొలం, అవే జింకలు. తేడా నేనే. ఆ ఏటితో వేట మానేశాను. తర్వాత రెండు సీజన్లు ఊరికే తోడు వెళ్లి, ఈ చివరే కూర్చుని, ఆయన కొట్టినదాన్ని ఈడ్చి కారు ట్రంకులో వేసేవాణ్ణి. విందుల్లో ఆయన నలుగురిలో, "మా బావమరిది బాణం తీస్తే జింకలు నిలబడతాయి, చెట్లు పారిపోతాయి," అనేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి.

ఆయన పోయిన ఐదో రోజు, రైతుకి కబురు చెప్పాలి కదా అని వెళ్లాను. ముసలాయన టోపీ తీశాడు. తర్వాత "ఉండు, మీవాడిది ఒకటి నా దగ్గరుంది," అని గడ్డిపాకలోకి వెళ్లి ఒక పొడుగాటి పెట్టె తెచ్చాడు. మూత తీశాడు. చక్రాల విల్లు. పట్టు మీద ఆకుపచ్చ టేపు.

"ఇది ఎన్నాళ్లుగా ఇక్కడుంది?" అన్నాను.

"నాలుగైదేళ్లయి ఉంటుంది. పొద్దున్నే వచ్చి తీసుకునేవాడు, జింక పడగానే తెచ్చి పెట్టేసేవాడు. మంచి గురి మీవాడిది."

ఆ పెట్టె తీసుకెళ్లి అక్క వంటింటి బల్ల మీద పెట్టాను. అక్క గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరిగి చూసి, "ఆ రైతు ఇచ్చాడా," అంది. అంటే ఆవిడకీ తెలుసు.

"ఎప్పట్నుంచే అక్కా?"

"ఆ కర్ర పట్టిన రెండో ఏడే ఆయనకి భుజం పోయిందిరా. ఇంజెక్షన్లు కూడా చేయించుకున్నారు. లాగలేకపోయారు. నీ విల్లు క్లబ్‌కి ఇవ్వకుండా గరాజ్‌లోనే ఉంచేశారు, అదే తీశారు."

"నాతో ఒక్క మాట చెప్తే నేను కాదంటానా?"

"నీ చేత ఒట్టు వేయించిన మనిషి. నీ ముందు ఎలా చెప్తారు?"

"మరి నేను మానేసినప్పుడు?"

అక్క కుళాయి కట్టేసింది. "అప్పుడు నేనే గట్టిగా చెప్పమన్నాను. చెప్తానని మీ ఇంటిదాకా వచ్చారు. నీకు నిమ్మకాయలిచ్చి వచ్చేశారు."

ఆ నిమ్మకాయలు నాకు గుర్తున్నాయి. కుండీలో కాసినవి, పదకొండు. పచ్చడి పెట్టుకుని ఏడాది తిన్నాం.

భుజం నొప్పి ఎవరికైనా వస్తుంది. ఆయన ఏ విల్లుతో కొట్టాడన్నది నాకు పట్టదు. నేను చేతకానివాణ్ణని నాకు నేను చెప్పుకుంటున్నంతకాలం ఆయన పక్క సీట్లో కూర్చుని విన్నాడు, పైగా ఇంకో రెండు జోకులు కలిపాడు. అదీ నా విల్లు పెట్టుకుని. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాశాను కదా, విభూతి గురించి. మిగతాది కూడా రాయకపోతే అది నేను చెప్పే అబద్ధం అవుతుంది. దినాల్లో జనం ఆయన గురి గురించి మాట్లాడుతుంటే నేను పులిహోర వడ్డిస్తూ ఉండిపోయాను. అక్క ఒక్కసారి నా వైపు చూసింది.

"ఆ విల్లు నీదేగా. తీసుకో. హాయిగా మళ్లీ కొట్టుకో," అంది నేను బయల్దేరుతుంటే.

నిజమే, తీసుకోవచ్చు. నలభై గజాలు, మెరిసే చుక్కలు, చక్రాలు మోసే బరువు. ఒట్టు వేయించినవాడే నిలబెట్టుకోలేదు, నన్నెవరు అడుగుతారు? కానీ ఆ కర్ర నాలుగేళ్లు నా వేళ్ల చర్మాన్ని గట్టిపరిచింది. ఆ గట్టిదనం బావదా, నాదా? ఈ ఒక్కటీ తేలక మూడు వారాలు రెండు విళ్లూ ట్రంకులో వేసుకుని తిరిగాను, కూరగాయలకి వెళ్లినా సరే.

సీజన్ ఆఖరి శనివారం పొద్దున్న పొలానికి వెళ్లాను. ట్రంకు తెరిచి కర్రవిల్లు తీసుకున్నాను. గడ్డిపాక వైపు, బావ కూర్చునే చివర కూర్చున్నాను. ఎనిమిది దాటాక ఒక ఆడజింక ఒంటరిగా వచ్చి పదిహేను అడుగుల దూరంలో అడ్డంగా నిలబడింది. లాగాను, వదిలాను. బాణం దాని పొట్ట కిందుగా పోయి నేలలో గుచ్చుకుంది. జింక రెండు గెంతులు వేసి ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి, మెడ చాపి, బాణం ఈకల్ని వాసన చూసింది. తర్వాత సోయాబీన్ మోళ్ల మధ్య నుంచి మెల్లగా నడిచి వెళ్లిపోయింది.